మళ్లీ వాడుకోగల డిజిటల్ పాఠాలకు పనిగంటలు ఇవ్వండి: విశ్వవిద్యాలయాల పాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతులకు, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు, డిజిటల్ బోధన విభాగాల సంచాలకులకు, గ్రంథాలయాధికారులకు

నమస్కారం.

మేము డిజిటల్ పాఠాలు తయారుచేసి బోధించే అధ్యాపకులం, వాటిని సర్వర్ల మీద నడిపే సాంకేతిక సిబ్బందిమి. ఈ లేఖలోని విషయాలు మీకు కొత్త కావు. వినతిపత్రాల్లో రాశాం, సమీక్షా సమావేశాల్లో చెప్పాం. పరిశీలిస్తామన్నారు. ఆ పరిశీలన ఎక్కడిదాకా వచ్చిందో తెలియకుండానే సెమిస్టర్లు గడిచిపోతున్నాయి. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

మా బాధ ఇది. ప్రతి ఏడాదీ మీరు మమ్మల్ని అడిగే లెక్క ఒకటే: ఎన్ని వీడియోలు చేశారు, ఎన్ని పాఠాలు ఎక్కించారు? వాటిలో ఎన్నింటిని మరో విభాగంలోని, మరో కళాశాలలోని అధ్యాపకులు తీసుకుని తమ తరగతిలో వాడగలిగారో ఎవరూ అడగరు. ఒక పాఠం రెండోసారి పనికొస్తుందా రాదా అన్నది దాన్ని తయారుచేసే రోజే తేలిపోతుంది. ఆ రోజు చేయాల్సిన అదనపు పనికి మీ పనిభారం పట్టికలో గడి లేదు. గడి లేని పనిని ఎవరో ఒకరు రాత్రిళ్లు కూర్చుని చేస్తారు, లేదా అసలు ఎవరూ చేయరు.

ఆలోచన పాతదే. మెర్లాట్ పేరుతో ఇలాంటి పాఠాల సేకరణను కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 1997లోనే మొదలుపెట్టింది. 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రిని అందరికీ తెరుస్తానని ప్రకటించింది. ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ (అందరూ ఉచితంగా వాడుకుని మార్చుకోగల బోధనా సామగ్రి) అన్న మాటను 2002లో యునెస్కో వేదికే ఖాయం చేసింది. ఒక రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో తెలిపే లైసెన్సులు రాసే క్రియేటివ్ కామన్స్ (సీసీ) సంస్థ అదే ఏడాది డిసెంబరులో మొదటివి విడుదల చేసింది. 2019 నవంబరులో యునెస్కో సర్వసభ్య సమావేశం దీని మీద ఒక సిఫారసును ఆమోదించింది. అంటే ప్రమాణాలున్నాయి, లైసెన్సులున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది. మన దగ్గర సర్వర్లు కూడా నిండుగానే ఉన్నాయి. అయినా కొత్తగా చేరిన అధ్యాపకురాలు మొదటి వారంలోనే ఖాళీ స్లైడు తెరిచి, పక్క గదిలో అప్పటికే నాలుగుసార్లు తయారైన పాఠాన్ని ఐదోసారి తయారుచేయడం మొదలుపెడుతుంది. ఎందుకో వివరంగా చెబుతాం.

1. పాఠంలోనే సందర్భం కలిసిపోతోంది.

దీన్ని కాస్త దగ్గరగా చూడండి. స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మీద గణాంకశాస్త్ర విభాగం ఒక పాఠం చేసిందనుకుందాం. మనస్తత్వశాస్త్రానికీ, వ్యవసాయానికీ, కామర్స్‌కూ ఇదే పాఠం కావాలి. ఉదాహరణకు తీసుకున్న అంకెలు 4, 8, 6, 5, 7. సగటు 6. సగటు నుంచి తేడాల వర్గాలు కూడితే 10. ఈ ఐదే మొత్తం సమూహమైతే 10ని 5తో భాగిస్తాం, వర్గమూలం 1.414 వస్తుంది. పెద్ద సమూహంలోంచి తీసిన నమూనా అయితే 4తో భాగిస్తాం, అప్పుడు 1.581. రెండూ సరైనవే, ప్రశ్నను బట్టి ఏది వాడాలో తేలుతుంది. స్ప్రెడ్‌షీట్‌లోనూ ఇందుకే రెండు ఫంక్షన్లు: ఎస్‌టీడీఈవీ డాట్ పి మొదటి జవాబు ఇస్తుంది, ఎస్‌టీడీఈవీ డాట్ ఎస్ రెండోది.

పాఠం చేసినవారు మొదటి పద్ధతి చెప్పి, క్విజ్‌లో జవాబు 1.414 అని పెట్టారు. ఏ పద్ధతో ప్రశ్నలో రాయలేదు, వాళ్ల తరగతిలో అది అందరికీ తెలిసిందే. నమూనాలతో పనిచేసే విభాగం అదే క్విజ్‌ను తెచ్చుకుంది. అక్కడి విద్యార్థి తన మేడమ్ చెప్పినట్టు 1.581 అని టైప్ చేస్తే తప్పు అని వస్తుంది. పక్కవాడు మొదటి పద్ధతిలోనే చేసి 1.41 అని టైప్ చేసినా తప్పే, ఎందుకంటే జవాబుకు అటూ ఇటూ అనుమతించే తేడా సున్నాగా వదిలేశారు. ఇద్దరికీ లెక్క వచ్చు, ఇద్దరికీ మార్కు పోయింది. తప్పు తమదేననుకుని వాళ్లు ఫిర్యాదు కూడా చేయరు.

ఇక వీడియోలో: ‘పోయిన యూనిట్లో చూసిన పట్టిక గుర్తుందిగా’ అన్న మాట ఒకచోట, ‘సోమవారం టెస్టు’ అన్న మాట ఇంకోచోట, తెర మూలన పేపర్ కోడ్ మొదటి క్షణం నుంచి చివరిదాకా. ఈ మూడింటిని తీసేస్తే పాఠం ఎక్కడైనా పనికొస్తుంది. తీయాలంటే మాట, బొమ్మ విడివిడిగా ఉండాలి. చేతిలో ఉన్నది మాత్రం రెండూ అతుక్కుపోయిన ఒకే ఎంపీ4 ఫైలు.

మొదట్లో ఈ పాఠం ముక్కలను పిల్లల ప్లాస్టిక్ ఇటుకలతో పోల్చేవారు, ఏదైనా దేనిమీదైనా అతుక్కుంటుందని. ఈ రంగంలో పరిశోధకుడైన డేవిడ్ వైలీ ఆ పోలికను కాదని పరమాణువులతో పోల్చాడు: ప్రతిదీ ప్రతిదానితో కలవదు, ఏది దేనితో కలుస్తుందో తెలిసినవారు కావాలి. ఇంకో చిక్కు కూడా ఆయనే చూపించాడు. సందర్భం తీసేసిన కొద్దీ పాఠం ఎక్కువ చోట్ల వాడుకోవచ్చు, కానీ నేర్పే శక్తి తగ్గుతుంది. సందర్భం నింపిన కొద్దీ బాగా నేర్పుతుంది, కానీ ఇంకోచోట పనికిరాదు. దీనికి మాకు తెలిసిన మందు ఒకటే. పాఠాన్ని రెండు పొరలుగా చేయాలి. లోపలి పొరలో భావన, లెక్క, బొమ్మ మాత్రమే ఉంటాయి. తేదీ, యూనిట్ సంఖ్య, పేపర్ కోడ్, ‘గత క్లాసులో’ అన్న మాట ఉండవు. పై పొర ఒకటి రెండు పేజీల పాఠ్యం: ఈ విభాగానికి ఇది ఎందుకు కావాలి, ఈ విభాగపు దత్తాంశంతో ఒక ఉదాహరణ, నాలుగైదు ప్రశ్నలు. పై పొరను ఎవరికి వారు మార్చుకుంటారు, లోపలిది అందరిదీ. క్విజ్‌లో భాజకం ఏదో ప్రశ్నలోనే రాయాలి, జవాబుకు 0.01 తేడా అనుమతించాలి. ప్రశ్నలను మూడుల్ ఎక్స్‌ఎంఎల్, క్యూటీఐ లాంటి, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి తీసుకెళ్లి మార్చుకోగల ఫైలు రూపంలో ఇవ్వాలి. లోపలి పొర నిడివి 6 నిమిషాలు దాటకపోవడం మంచిది. ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసే సమయపు మధ్యమం 6 నిమిషాలు మించలేదని తేలింది.

రెండు పొరలుగా చేయడానికి ఒక పొరగా చేసినదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఎక్కువ సమయం గురించే ఈ లేఖ.

2. అసలు ఫైళ్లు పోతున్నాయి.

వంట అయిపోయాక గిన్నెలోది చూపించి ఉప్పు విడిగా తీయమంటే ఎవరి వల్లా కాదు. ఎగుమతి చేసిన వీడియో, పీడీఎఫ్, పాఠం ఫైళ్లన్నీ జిప్‌గా కట్టిన ప్యాకేజీ అలాంటివే. వాటిని చూడవచ్చు, దిద్దలేం. విశ్వవిద్యాలయ పోర్టళ్లు తీసుకునేది ఆ చివరి ఫైలు ఒక్కటే. స్లైడ్ల అసలు ఫైలు, బొమ్మల అసలు ఫైలు, విడి ఆడియో, చదివిన స్క్రిప్టు ఇవన్నీ చేసినవారి లాప్‌టాప్‌లో ఉంటాయి. వాళ్లు బదిలీ అయితే వాళ్లతో వెళ్లిపోతాయి. హార్డ్ డిస్క్ పోతే పోతాయి.

దీని ఫలితం ఒకసారి అందరం చూశాం. కదిలే బొమ్మల పాఠాలను బ్రౌజర్‌లో నడిపిన ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు అడోబీ 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే పాఠాలను నడపడం మానేసింది. బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాములైన జావా యాప్లెట్ల పని అంతకు ముందే అయిపోయింది, క్రోమ్ 2015లోనే వాటికి తలుపు మూసింది. ఫ్లాష్ చివరి రూపమైన ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలుతో పాటు దాని అసలు ఎఫ్‌ఎల్‌ఏ ఫైలు దాచుకున్నవారు బొమ్మలు, కదలికలు నేటి వెబ్ రూపమైన హెచ్‌టీఎంఎల్5 లోకి తెచ్చుకోగలిగారు, ప్రోగ్రామ్ భాగం మాత్రం జావాస్క్రిప్టులో తిరగరాయాల్సి వచ్చింది. దాచుకోనివారికి మొదటి గీత నుంచి మళ్లీ పనే. కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన, విజ్ఞాన ప్రయోగాలను తెర మీద చేసి చూపే ఫెట్ సిమ్యులేషన్లు కూడా జావా, ఫ్లాష్‌లలో పుట్టినవే. వాటిని హెచ్‌టీఎంఎల్5లో తిరిగి కట్టారు కాబట్టి ఇవాళ ఫోన్‌లో కూడా తెరుచుకుంటున్నాయి. తిరిగి కట్టడానికి అక్కడ ఒక బృందం జీతం మీద ఉంది. మన దగ్గర ఆ పని ఎవరి ఉద్యోగ వివరణలోనూ లేదు.

చోటు చాలదన్న అభ్యంతరం మాకు వినిపించింది. లెక్క చూడండి. ఒక మైకుతో 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనోలో రికార్డు చేసిన ఆడియో సెకనుకు 96 కిలోబైట్లు. 6 నిమిషాలకు సుమారు 35 మెగాబైట్లు. ఎస్‌వీజీ బొమ్మలు, స్లైడ్లు, స్క్రిప్టు, క్యాప్షన్లు కలిపినా మరో 20 మెగాబైట్లు దాటడం అరుదు. సెకనుకు 5 మెగాబిట్ల వీడియో ఒక గంటది 2,250 మెగాబైట్లు. అలాంటి గంట వీడియో ఒక్కటి తినే చోటులో నలభై పాఠాల అసలు ఫైళ్లు పడతాయి.

3. లైసెన్సు రాయని పాఠాన్ని ముట్టుకోవడానికి అందరికీ భయం.

ఏమీ రాయకపోతే ఎవరైనా వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నిజానికి వ్యతిరేకం. బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీహక్కు రిజిస్ట్రేషన్ లేకుండానే, రాసిన క్షణం నుంచే పుడుతుంది. ఏమీ రాయలేదంటే ఏ అనుమతీ ఇవ్వలేదన్నమాటే. జాగ్రత్తపరులైన అధ్యాపకులు అలాంటి పాఠాన్ని పక్కన పెడతారు. ఆ జాగ్రత్తకు వాళ్లను తప్పుపట్టలేం.

రాసినచోట కూడా ఆలోచించకుండా రాస్తున్నారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో మార్పులు వద్దనే ‘ఎన్‌డీ’ షరతు పెడితే, మార్చిన పాఠాన్ని పంచుకోవడానికి వీల్లేదు. అనువాదం కూడా మార్పే. అంటే ఆ పాఠం ఇంకో భాషలోకి వెళ్లే దారి మూసుకుపోయినట్టే. ‘బై’ అంటే కర్త పేరు చెప్పాలి, ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు, ‘ఎస్‌ఏ’ అంటే మార్చినదాన్నీ అదే లైసెన్సు కింద పంచాలి. ‘బై-ఎస్‌ఏ’ పాఠాన్నీ ‘బై-ఎన్‌సీ-ఎస్‌ఏ’ పాఠాన్నీ కలిపి కొత్తది చేసి పంచలేరు, ఎందుకంటే ఫలితాన్ని తన లైసెన్సు కిందే ఉంచమని దేనికది అడుగుతుంది. బోధనకు తయారుచేసినదానికి ‘సీసీ బై’ 4.0 సరిపోతుందని మా అభిప్రాయం: పేరు చెప్పండి, వాడుకోండి, మార్చుకోండి, మార్చినట్టు తెలపండి. వద్దనుకునేవారికి కారణం రాసే అవకాశం ఇవ్వండి, కానీ గడి ఖాళీగా వదిలే అవకాశం ఇవ్వకండి.

ఇంకో చిన్న విషయం పెద్ద నష్టం చేస్తోంది. ముప్పై స్లైడ్లలో ఒక్క బొమ్మ అచ్చు పుస్తకంలోంచి స్కాన్ చేసి పెడితే, మొత్తం పాఠాన్ని బయట పంచడం ఆగిపోతుంది. ప్రతి బయటి బొమ్మ కిందా శీర్షిక, కర్త, మూలం, లైసెన్సు అన్న నాలుగు ముక్కలు పెట్టిన రోజే రాస్తే అర నిమిషం పని. రెండేళ్ల తర్వాత ఆ బొమ్మ ఎక్కడిదో వెతకడం అర రోజు పని. మరోమాట: అతిథి అధ్యాపకులు చేసిన పాఠాల మీద వాళ్ల పేరు తీసేసి విభాగం పేరు వేస్తున్న చోట్లు ఉన్నాయి. కర్త పేరు చెప్పాలన్నదే ‘సీసీ బై’ ప్రధాన షరతు. పేరు కూడా మిగలని పనికి మంచి పాఠం ఎవరిస్తారు?

4. ప్యాకేజీలు ఎక్కుతాయి, నడవవు.

ఇది పూర్తిగా సాంకేతికం. అయినా దెబ్బ తగిలేది విద్యార్థికే. పాఠం ప్యాకేజీ ఏ ఎల్‌ఎంఎస్ (కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) లోనైనా నడిచేలా కట్టే పద్ధతి చెప్పే స్కార్మ్ 1.2 ప్రమాణం 2001 నాటిది, ఇప్పటికీ ఎక్కువ వాడుకలో ఉన్నది అదే. అందులో తరచూ జరిగే పొరపాట్లు:

జిప్ చేసేటప్పుడు ఫోల్డర్ లోపలి ఫైళ్లను కాకుండా ఫోల్డర్‌నే జిప్ చేస్తారు. ప్యాకేజీలో ఏమేమున్నాయో చెప్పే ఐఎంఎస్‌మానిఫెస్ట్ ఫైలు జిప్ తెరవగానే పై వరుసలో కనబడాలి. ఒక మెట్టు లోపలికి వెళ్తే ఎల్‌ఎంఎస్ దాన్ని పాఠంగా గుర్తించదు.

విద్యార్థి ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకునే ‘సస్పెండ్ డేటా’ గడికి 1.2లో 4,096 అక్షరాలే హద్దు. పొడవైన పాఠంలో ప్రశ్నల జవాబులన్నీ అందులో కుక్కితే హద్దు దాటుతుంది. నలభయ్యో స్లైడు దగ్గర ఆపిన విద్యార్థి మర్నాడు తెరిస్తే మళ్లీ మొదటి స్లైడు. కరెంటు పోయినప్పుడల్లా, సిగ్నల్ పోయినప్పుడల్లా ఇదే జరిగితే మూడోసారి ఎవరు తెరుస్తారు? పాఠాలను చిన్నవిగా ఉంచమని మేము పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

పాఠం పూర్తయ్యాక ‘ముగించు’ నొక్కకుండా కిటికీ మూసేస్తే, అప్పటిదాకా సేవ్ చేయని మార్కు నమోదు కాదు. ప్రతి స్లైడు దగ్గరా సేవ్ అయ్యేలా తయారీలోనే పెట్టాలి. చాలా ప్యాకేజీల్లో అది చివర మాత్రమే ఉంటుంది. ఫోన్‌లో చదివేవాళ్లకు ఈ నష్టం ఎక్కువ, ఫోన్ వస్తే చాలు బ్రౌజర్ వెనక్కి పోతుంది.

సెమిస్టర్ మధ్యలో పాత ప్యాకేజీ మీద కొత్తది ఎక్కిస్తారు. అప్పటికే సగం చేసినవారి స్థానం, మార్కులు కలగాపులగం అవుతాయి. దిద్దినదాన్ని కొత్త వెర్షన్ సంఖ్యతో విడిగా పెట్టి, పాతదాన్ని ఆ బ్యాచ్ పూర్తయ్యేదాకా ఉంచాలి.

కోర్సును వచ్చే ఏడాదికి కాపీ చేసినప్పుడు లోపల చేత్తో అతికించిన లింకులు పాత కోర్సు సంఖ్యకే పోతాయి. కొత్త విద్యార్థి నొక్కితే ‘మీకు ఈ కోర్సులో నమోదు లేదు’ అని వస్తుంది. అధ్యాపకుడు నొక్కితే మామూలుగానే తెరుచుకుంటుంది, ఆయనకు రెండు కోర్సుల్లోనూ ప్రవేశం ఉంది కదా. అందుకే తప్పు నెలలపాటు బయటపడదు.

వీటిలో చాలావాటిని పట్టుకోవడానికి అరగంట పరీక్ష చాలు. పాఠాన్ని రెండు వేర్వేరు ఎల్‌ఎంఎస్‌లలో ఎక్కించాలి. విద్యార్థి లాగిన్‌తో, ఫోన్‌లో తెరవాలి. మధ్యలో కిటికీ మూసి మళ్లీ తెరవాలి. మార్కు పుస్తకంలో అంకె పడిందో లేదో చూడాలి. ఆ అరగంట ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటిదాకా లేదు.

5. వెతికితే దొరకడం లేదు.

ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ తెచ్చిన 2002 నాటి ప్రమాణంలో పాఠం వివరాలకు తొమ్మిది విభాగాలు, డెబ్బైకి పైగా గడులు ఉన్నాయి. అన్నీ తప్పనిసరి చేస్తే జనం గడుల్లో చుక్కలు పెట్టి ముందుకు పోతారు, పోతున్నారు. డిజిటల్ వనరుల వివరాలు రాసే ఇంకో ప్రమాణం డబ్లిన్ కోర్ మూల పట్టిక పదిహేను గడులతోనే సరిపెట్టింది. తొమ్మిది చాలని మేమంటాం: శీర్షిక, కర్త, విషయం, స్థాయి, ముందుగా తెలిసి ఉండాల్సినవి, నిడివి, భాష, లైసెన్సు, వెర్షన్ తేదీ. వీటిలో ‘ముందుగా తెలిసి ఉండాల్సినవి’ అన్నదే వాడేవారికి అన్నిటికన్నా అవసరం, అన్నిటికన్నా ఖాళీగా ఉండేదీ అదే. పాఠ్యం యూనికోడ్‌లో ఉండాలి. పాత ఫాంట్లలో టైప్ చేసినది కంటికి అక్షరాల్లాగే కనిపిస్తుంది, వెతుకులాటకు మాత్రం చిక్కదు.

6. చూపు లేనివారు, వినికిడి లేనివారు, డేటా లేనివారు బయటే ఉండిపోతున్నారు.

సెకనుకు 2,000 కిలోబిట్ల వీడియో గంటకు 900 మెగాబైట్లు తింటుంది. అదే 500 కిలోబిట్లకు తగ్గిస్తే 225. ఆడియో ఒక్కటే 48 కిలోబిట్లతో ఇస్తే 22 లోపు. బోర్డు మీద రాత, స్లైడ్లు చూపే పాఠానికి 500 సరిపోతుంది, బొమ్మ ఎక్కువసేపు కదలదు కాబట్టి. పాఠం మొత్తం మాటలను పాఠ్యంగా ఇస్తే వంద కిలోబైట్లు కూడా కాదు. ఈ నాలుగు రూపాలూ పక్కపక్కన ఉంచితే, ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోన్ ఉన్న విద్యార్థి కూడా ఏదో ఒకటి తెరవగలుగుతుంది. ఒక్క పెద్ద ఫైలే పెడితే ఆమె ఆ వారం పాఠం లేకుండానే పరీక్షకు వస్తుంది.

సమీకరణాన్ని ఫోటోగా అతికిస్తే, చూపు లేనివారికి తెర మీది పాఠ్యాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ‘చిత్రం’ అని చదివి ఆగిపోతుంది. సమీకరణాలు రాసే వెబ్ రూపమైన మ్యాథ్‌ఎంఎల్‌లో ఇస్తే చదివి వినిపిస్తుంది. దివ్యాంగులకూ పేజీలు అందాలని రాసిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు మామూలు సైజు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5కు 1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా) అడుగుతాయి. లేత బూడిద రంగు నేపథ్యం మీద పసుపు అక్షరాలు దాని దరిదాపుల్లోకి రావు. లాగి వదిలే ప్రశ్నలు కీబోర్డుతో కూడా చేయగలగాలి. యంత్రం రాసిన క్యాప్షన్లు మామూలు మాటలను బాగానే పట్టుకుంటాయి, సాంకేతిక పదాల దగ్గరే తప్పుతాయి. విద్యార్థికి సరిగ్గా కావాల్సింది ఆ పదాలే. మనిషి ఒకసారి చదివి దిద్దాలి. ఇవన్నీ తయారీలో చేస్తే కొద్ది పని. ఒక విద్యార్థి వచ్చి అడిగాక చేయాలంటే సెమిస్టర్ గడిచిపోతుంది.

ఇందులో మా వైపు లోపమూ ఉంది. ఇంకొకరి పాఠం వాడితే సొంతంగా చేయలేకపోయారని అనుకుంటారన్న సంకోచం మాలో చాలామందికి ఉంది. మా పాఠాన్ని ఇంకొకరు మార్చితే చిన్నబుచ్చుకునేవారూ ఉన్నారు. పుస్తకం ఎవరూ సొంతంగా రాసుకోకుండానే తరాలుగా పాఠం చెప్పాం, డిజిటల్ పాఠం దగ్గర మాత్రం ఎందుకో ఈ పట్టుదల వచ్చింది. దాన్ని మేము మార్చుకుంటాం. కానీ మీ పదోన్నతి పట్టికే సొంతంగా చేసిన కొత్త వీడియోకు పాయింట్లిచ్చి, ఇంకొకరి పాఠాన్ని దిద్ది మెరుగుపరిచినదానికి సున్నా వేస్తుంటే, మా సంకోచానికి మీరే ముద్ర వేసినట్టవుతోంది.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

1. పనిభారం పట్టికలో మూడు గడులు చేర్చండి: మళ్లీ వాడుకోగల పాఠం తయారీ, ఉన్న పాఠాన్ని తరగతికి తగ్గట్టు మార్చడం, ఇతరుల పాఠాన్ని సమీక్షించడం. 6 నిమిషాల పాఠానికి రెండు పొరలు, క్యాప్షన్లు, పరీక్ష కలిపి ఎన్ని గంటలన్నది మేమే ముందుగా చెప్పడం న్యాయం కాదు. ఇరవై పాఠాలు తయారుచేసి, ప్రతి దశకూ పట్టిన సమయం రాసి, ఆ సగటు మీద నిర్ణయించండి. అతిథి, పార్ట్‌టైమ్ అధ్యాపకులకు ఈ గంటలకు వేతనం ఉండాలి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది కాకూడదు.

2. పదోన్నతి లెక్కలో ‘ఎక్కించిన సంఖ్య’ తీసేసి, ఆ పాఠాన్ని కోర్సులో పెట్టుకున్నామని లిఖితంగా తెలిపిన ఇతర కోర్సుల సంఖ్య పెట్టండి. డౌన్‌లోడ్ల లెక్క వద్దు. ఒక తరగతి చేత రెండుసార్లు నొక్కిస్తే పెరిగే అంకె అది.

3. అసలు ఫైళ్లు లేకుండా ఏ పాఠాన్నీ స్వీకరించకండి. మార్చుకోగల స్లైడ్లు, విడి ఆడియో, బొమ్మల అసలు రూపం, స్క్రిప్టు, క్యాప్షన్ ఫైలు, ప్రశ్నల నిధి: ఈ ఆరూ ఒకే ఫోల్డర్‌లో గ్రంథాలయం దగ్గర ఉండాలి. పోర్టల్ మారినా చిరునామా మారని శాశ్వత గుర్తింపు సంఖ్య ప్రతిదానికీ ఇవ్వాలి. బ్రిటన్ విద్యాసంస్థల ఉమ్మడి నిధి అయిన జోరమ్‌నే 2016లో మూసేశారు. ఏ పోర్టలూ శాశ్వతం కాదనుకుని రెండో కాపీ వేరే చోట ఉంచండి.

4. లైసెన్సు గడి తప్పనిసరి చేయండి, ముందుగా ‘సీసీ బై’ ఎంచి ఉంచండి. కర్తల పేర్లు తీయకూడదని లిఖిత ఆదేశం ఇవ్వండి. ఇప్పటికే ఉన్న పాఠాలకు కర్తల అనుమతి అడిగే పని ఒక సెమిస్టర్‌లో పూర్తిచేయండి. జవాబు రానివాటిని అలాగే వదిలేయండి, ఊహించి లైసెన్సు వేయకండి.

5. ఎక్కించే ముందు అరగంట పరీక్ష చేసే సాంకేతిక సిబ్బందిని పేరు పెట్టి నియమించండి. సౌలభ్య పరీక్ష అందులో భాగం కావాలి, స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఒకరు ఆ బృందంలో ఉండాలి. ప్యాకేజీని ఎవరు చూశారో, ఏ తేదీన చూశారో పాఠం పక్కనే కనబడాలి.

6. తప్పు తెలిపే బటన్ ప్రతి పాఠం కింద ఉంచండి. తెలిపినదానికి 10 పనిదినాల్లో జవాబు రావాలి. 1.581 రాసి మార్కు పోగొట్టుకున్న విద్యార్థికి ఇప్పుడు చెప్పుకునే చోటే లేదు.

7. పాఠాల వివరాల ఫారంలో తొమ్మిది గడులకు మించి తప్పనిసరి చేయకండి.

అంతా ఒక్కసారి చేయమనడం లేదు. అన్ని విభాగాలకూ కావాల్సిన ఒక సబ్జెక్టును ఎంచుకోండి. ప్రాథమిక గణాంకశాస్త్రం అందుకు తగినది. అందులో ఇరవై పాఠాలు, మూడు విభాగాలు, ఒక సెమిస్టర్. మొదటి నాలుగు వారాలు ఉన్నవాటిని ఏరడానికి, తర్వాతి ఎనిమిది వారాలు రెండు పొరలుగా విడదీసి దిద్దడానికి, చివరి నాలుగు వారాలు మూడు విభాగాల తరగతుల్లో వాడి, ఎక్కడ తడబడ్డాయో రాయడానికి. ఆ రాతప్రతిని అందరికీ తెరిచి ఉంచండి, విఫలమైనవాటితో సహా. తయారీకి, పరీక్షకు మేము సిద్ధంగా ఉన్నాం. గంటలు మాత్రం పట్టికలో ముందే రాసి ఉండాలి.

ఈ లేఖకు 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాలని కోరుతున్నాం. ఏడు కోరికల్లో ఏది అంగీకరిస్తున్నారో, ఏది కాదంటున్నారో, కాదంటే ఎందుకో అంశాలవారీగా రాయండి. ‘పరిశీలనలో ఉంది’ అన్న సమాధానమైతే, పరిశీలించే అధికారి హోదా, పూర్తయ్యే తేదీ రెండూ అందులో ఉండాలి.

ఇట్లు,
డిజిటల్ పాఠాలు తయారుచేసి బోధించే అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు, సాంకేతిక సిబ్బంది